కుండలో మాట, గడపలో మనిషి

కొల్లేటి నడుమ పైడిలంకలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆడవాళ్లు చేతిలో పని ఆపి నీళ్లకుండ మూత తీస్తారు. తీసి, చెవి ఒగ్గి కూర్చుంటారు. తెల్లారకుండానే దోనెలేసుకుని వేటకెళ్లిన మగవాళ్లు, పెళ్లాంతో చెప్పాల్సిన మాటేదైనా గుర్తొస్తే అక్కడే నీళ్లమీదికి వంగి చెప్పేస్తారు. ఆ మాట కిక్కిస దుబ్బుల మధ్య నుంచి తాపీగా నడిచొచ్చి మధ్యాహ్నానికి ఇంట్లో కుండలో పడుతుంది. "కొరమీనులు పడ్డాయి, చింతపండు నానబెట్టు." "తమ్ముణ్ణి కూడా తీసుకొస్తున్నాను, ఎసట్లో ఇంకో గిద్దెడు పొయ్యి." ఎదురుగాలి ఉన్నరోజున మాట వెనకబడి, మనిషే ముందొచ్చేస్తాడు. పెళ్లాన్ని తిట్టాలనుకున్నవాడు ఒడ్డెక్కేదాకా నోరు కట్టుకోవాల్సిందే. లేకపోతే ఆ పూటకి గంజే గతి.

ఒకరి కుండ దగ్గర ఇంకొకరు నిలబడకూడదు. అత్తగారైనా సరే, కోడలు మూత తీసిందంటే చేట పట్టుకుని బయటికి పోవాలి. పెద్దింటమ్మ అలాగే పోయేది. ఆమె కొడుకు సింహాచలం వట్టి సిగ్గరి. తల్లి ఎదుట పెళ్లాంతో మాట్లాడటం ఆ లంకలో ఏ మగాడికీ మర్యాద కాదు, ఇతనికి మరీ కాదు. ఇల్లు చూస్తే ఒక్కటే గది. దాహం వేసినా "అమ్మా, మంచినీళ్లు" అనేవాడు తప్ప, ఎదురుగా చెంబు పట్టుకుని నిలబడ్డ పెళ్లాం గంగారత్నాన్ని అడిగేవాడు కాదు. అదే మనిషి దోనె ఎక్కితే వసపిట్ట అయిపోయేవాడు. గూడబాతులు ఎక్కడ గుడ్లు పెట్టాయో, ఎండలో నీళ్లు ఏ రంగున ఉన్నాయో, రాత్రి ఆమె పెట్టిన పులుసు ఎంత బాగుందో అన్నీ నీళ్లకి చెప్పేవాడు. ఆమె కుండ దగ్గర కూర్చుని నవ్వుకునేది. మూడేళ్ల కాపురం వాళ్లు అలాగే చేశారు, బాగానే చేశారు.

ఆ ఏడు శ్రావణంలో వరదనీళ్లతో పాటు లంకలోకి జ్వరాలొచ్చాయి. గంగారత్నానికి వచ్చింది అందరికీ వచ్చిన చలిజ్వరం కాదు. మెడ బిగుసుకుపోయింది. వెలుతురు కంటపడితే కేకలు పెట్టింది. ఆ తర్వాత మగతలో పడి, ఎవరు పిలిచినా పలకలేదు. ఇక దక్కదనుకున్నారు. దక్కింది. పెద్దింటమ్మ కోడలికి తలంటి పోసి, గడపకెదురుగా చాప వేసి కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం ఎదురుగాలి వీస్తోంది. సింహాచలం దోనె కట్టేసి వచ్చి, గడపలో నిలబడి, బతికి బట్టకట్టిన పెళ్లాన్ని కళ్లారా చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే కుండలోంచి అతని గొంతు వినిపించింది. "గంగా, ఒళ్లెలా ఉంది? పొద్దుగూకేలోగా వచ్చేస్తాను."

గంగారత్నం కుండ వైపు చూసింది. గడప వైపు చూసింది.

"అత్తా, ఈ మనిషెవరు?"

"ఎవరేంటే? నీ మొగుడు."

"మావ ఇంకా కొల్లేట్లోనే ఉన్నాడు. ఇప్పుడే చెప్పాడు కదా. ఈ మనిషి అచ్చం మావలాగే ఉన్నాడు గానీ, మావ కాదు."

నీరసం కొద్దీ అంటోందిలే అనుకున్నారు. తెల్లారినా అదే మాట. ఇరుగుపొరుగుని గుర్తుపట్టింది, మేకల్ని పేరుపేరునా పిలిచింది, పప్పులో ఉప్పు తక్కువైందని అత్తగారికి చెప్పింది. మొగుడి దగ్గరికొచ్చేసరికే తేడా. "మావ ముక్కే. కనుబొమ్మ మీద గాటు కూడా అదే. ఎవరు చేశారో గానీ బాగా చేశారు," అంది. అంటున్నప్పుడు ఆమె చేతులు వణికాయి. ఆ రోజు నుంచి కత్తిపీట పక్కలో పెట్టుకుని పడుకోవడం మొదలెట్టింది.

ఆ మాట విన్నాక సింహాచలానికి ఇంట్లో తల్లితో మాట్లాడే రెండు మాటలకీ నోరు పెగల్లేదు. ఆ బాధంతా కొల్లేటికి తీసుకుపోయాడు. "నేనే గంగా, నన్ను చూసి భయపడకు, నేనే," అని నీళ్లకి చెప్పాడు. మధ్యాహ్నం ఆ మాట కుండలో పడింది. మావ అక్కడెక్కడో చిక్కుకుపోయి తనని పిలుస్తున్నాడన్న నమ్మకం గంగారత్నానికి ఇంకా గట్టిపడింది. అతను ఎంత ఊరడిస్తే ఆమె అంత దూరమైంది.

లంకపెద్ద రామకోటి చెయ్యి పెట్టాడు. ఆయన చెయ్యి పెట్టని వ్యవహారం ఆ లంకలో లేదు, పెట్టాక బాగుపడ్డ వ్యవహారాలు మాత్రం తక్కువే. వేపమండలు అయ్యాయి, తాయెత్తు అయింది, క్వినైన్ బిళ్లలు కూడా మింగించారు. చివరికి ఆయన కుండ వైపు చూశాడు. "మతి తప్పినదానికి లేని మాటలే వినపడతాయి. ఉన్న మాటలు కూడా ఎందుకమ్మా? కుండ బోర్లించెయ్యండి," అన్నాడు.

బోర్లించారు. సింహాచలం మాటలు బోర్లించిన కుండ మీద పడి జారిపోయేవి. దాని చుట్టూ నేల చెమ్మగిల్లేది, అంతే. మావ గొంతు ఆగిపోయేసరికి గంగారత్నం ఇంట్లో ఉన్న మనిషిని చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మా మావని ఏం చేశావు?"

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె మావని వెతుక్కుంటూ కొల్లేట్లో దిగింది. ఎవరో చేపలకి పెట్టిన మావులు ఎత్తుకుంటూ చూడబట్టి సరిపోయింది. కిక్కిస మధ్య పీకల్లోతు నీళ్లలో ఉన్నదాన్ని జుట్టు పట్టుకుని లాగారు. ఆ రోజు నుంచి పెద్దింటమ్మ తన కొంగుకీ కోడలి కొంగుకీ ముడేసుకుని తిరిగింది, ముడేసుకునే పడుకుంది. కంటిమీద కునుకు లేదు.

"ఇంకోసారి దిగిందంటే ప్రాణం దక్కదు. రైలెక్కించి పిచ్చాసుపత్రికి పంపెయ్యడమే. వచ్చే అమావాస్య దాకా చూస్తాను, ఆపైన నేనే దోనె తెస్తాను," అన్నాడు రామకోటి. అది కోపం కాదు, ఆయనకీ భయమే. కొల్లేరు ఒక మనిషిని మింగితే ఆ లంకలో వేట మూడు నెలలు సాగదు.

ఆ మాట విని తల్లీకొడుకులు గంగారత్నాన్ని దోనెలో కాలవ దాకా, అక్కణ్ణుంచి బండిలో ఏలూరు తీసుకెళ్లారు. కాలవగట్టున నరసింహమూర్తిగారనే డాక్టరు ఉండేవాడు. తెలియనిది తెలియదని చెప్పే డాక్టరని ఆయనకి పేరు. అందువల్ల ప్రాక్టీసు కాస్త పల్చగానే ఉండేది.

ఆయన కళ్లు చూశాడు. నాలుక చూశాడు. మోకాలి మీద చిన్న సుత్తితో తట్టాడు. గోడ మీద క్యాలెండరులో బొమ్మలు చూపించి ఎవరెవరని అడిగాడు. అన్నీ చక్కగా చెప్పింది.

"ఏమ్మా, ఎదుట మనిషి లేకుండా గొంతులేమైనా వినిపిస్తున్నాయా?"

"కుండలోదాండీ?"

"కుండలోది లెక్కలోకి రాదమ్మా. అది కాక."

"అది కాక ఏం లేవండి."

డాక్టరు సింహాచలాన్ని చూపించాడు. "ఇతనెవరు?"

"తెలవదండి. మా మావ మొహం పెట్టుకుని తిరుగుతున్నాడండి." ఆమె అత్తగారి వెనక్కి జరిగింది.

డాక్టరు చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. కంటి జబ్బా అంటే కళ్లు బాగున్నాయి. మతిమరుపా అంటే అన్నీ గుర్తున్నాయి. హిస్టీరియా అని రాసేసి పంపెయ్యవచ్చు, ఊళ్లో తక్కినవాళ్లయితే అదే చేసేవాళ్లు. ఆయనకి మనసొప్పలేదు. "జ్వరం తగ్గాక నువ్వు ఈమెతో ఏం మాట్లాడావోయ్?" అని సింహాచలాన్ని అడిగాడు.

సింహాచలం తల్లి వైపు చూశాడు.

"అడిగింది నిన్ను."

"అమ్మ ఎదురుగా పెళ్లాంతో ఎలా మాట్లాడతాడు బాబుగారూ? సిగ్గుండదూ?" అంది పెద్దింటమ్మ.

డాక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "అంటే జ్వరం తగ్గాక ఇతని మొహం ఇంట్లో చూస్తోంది, గొంతు కుండలో వింటోంది. రెండూ ఒకచోట చూసి ఎరగదన్నమాట!" ఆయన మొహంలో దారి దొరికిన సంతోషం కనిపించింది. ఆడవాళ్లని పరీక్ష చేసే చోట తెల్ల తెర ఒకటి ఉంది. సింహాచలాన్ని దాని వెనక నిలబెట్టి మాట్లాడమన్నాడు. పెద్దింటమ్మ చెవులు మూసుకుని గోడ వైపు తిరిగింది.

తెర వెనక నుంచి ముందు దగ్గు వినిపించింది. తర్వాత చిన్నగా, "గంగా... అన్నం తింటున్నావా?"

గంగారత్నం భోరుమంది. "మావా! ఎక్కడికి పోయావు మావా! కుండ బోర్లించేశారు మావా!"

డాక్టరు ఉబ్బితబ్బిబ్బై తెర లాగేశాడు.

ఆ కేక కాలవ అవతలి గట్టు దాకా వినపడింది. "మింగేశాడు! మా మావ గొంతు కూడా మింగేశాడు!" ఆమె బల్ల కిందికి దూరింది. బయటికి రప్పించడానికి సింహాచలాన్ని వీధిలోకి పంపెయ్యాల్సి వచ్చింది.

"తొందరపడ్డానమ్మా. నాదే తప్పు," అన్నాడు డాక్టరు పెద్దింటమ్మతో.  వీధిలోకి వచ్చి, అరుగు మీద తల పట్టుకున్న సింహాచలం పక్కన కూర్చున్నాడు. "చూడు బాబూ. ఈ మధ్య ఊళ్లో టాకీ వచ్చింది. అందులో బొమ్మ వేరే పడుతుంది, గొంతు వేరే వస్తుంది, రెండూ అతికి మనకి చూపిస్తారు. నీ పెళ్లానికి జ్వరంలో ఆ అతుకు ఊడింది. నీ మొహం గుర్తుపడుతోంది. కానీ చూడగానే 'నావాడు' అని లోపల ఒకటి కలగాలి చూడు, అది కలగడం లేదు. నీ గొంతు వింటే మాత్రం కలుగుతోంది. అందుకని గొంతున్నవాడే మొగుడు, మొహమున్నవాడు దొంగ."

"దీన్నేమంటారండి?"

"నా పుస్తకాల్లో పేరు లేదయ్యా. పేరే తెలియనిదానికి ఏ సీసాలో మందు వెతకను? దానంతటదే అతుక్కోవచ్చు, అతుక్కోకపోనూవచ్చు. ఈలోగా ఆ పిల్ల నీళ్లలో దిగకుండా చూసుకో."

ఆయన డబ్బు తీసుకోలేదు.

ఇంటికి రాగానే పెద్దింటమ్మ రామకోటిని అడక్కుండానే కుండ నిలబెట్టి నీళ్లు నింపింది. కొడుకుని పెరట్లోకి పిలిచింది. "ఒరే, రేపు కొల్లేట్లో ఏం చెబుతావో నాకు తెలీదు, నేను విననూ వినను. అమావాస్య దగ్గరికొచ్చేసింది. అది మాత్రం నీళ్లలో దిగకూడదు."

సింహాచలం మర్నాడు వల వెయ్యలేదు. దోనెలో కూర్చుని ఆలోచించాడు. నేనే అంటే ఆమె నమ్మదు. ఏం చెప్పినా తన గొంతు ఇక్కడున్నట్టే ఆమెకి. గొంతు కొల్లేట్లో ఉందంటే మనిషీ కొల్లేట్లో ఉన్నట్టే. ఎండ చురుక్కుమన్నాక నీళ్లమీదికి వంగి, పెళ్లాంతో మొట్టమొదటిసారి అబద్ధం చెప్పాడు.

"గంగా, నేను కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి. ఎందుకని అడక్కు. రోజూ మధ్యాహ్నం నీతో మాట్లాడతాను. ఇంటికొచ్చే ఆ మనిషిని నేనే పంపాను. మూగవాడు. మంచోడు. నాకు అన్నం పెట్టినట్టే అతనికీ ఇంత పెట్టు. నా కోసం నీళ్లలోకి మాత్రం రాకు. నువ్వొచ్చావంటే నేను ఇంకా దూరం పోవాల్సొస్తుంది." చివరిమాట అంటుంటే అతనికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మాట కాదు కాబట్టి నీళ్లమీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం గంగారత్నం మూత వేసి, కళ్లు తుడుచుకుని, బయట చేట పట్టుకుని నిలబడ్డ అత్తగారిని పిలిచింది. "అత్తా, బియ్యం ఇంకో మనిషికి కూడా పొయ్యి."

సాయంత్రం సింహాచలం అరుగు మీద కూర్చున్నాడు. అప్పటికే తల్లితో మాట్లాడే ఆ రెండు మాటలూ మానేశాడు. తన ఇంట్లో తను మూగవాడైపోయాడు. గంగారత్నం దూరంగా నిలబడి తామరాకు అతని ముందుకి తోసింది, అన్నం పెట్టింది, మట్టగిడస పులుసు పోసింది.

"తిను అన్నయ్యా," అంది.

అతను తలొంచుకుని ముద్ద మింగాడు. పెద్దింటమ్మ ఇంటి వెనక్కి పోయి నోట్లో కొంగు కుక్కుకుంది.

మర్నాడు కుండలో మాట కాస్త కటువుగానే పడింది. "గంగా, ఆ మనిషిని అన్నయ్యా అనకు. ఏ వరసా పెట్టకు. వరస సంగతి తర్వాత చూసుకుందాం. పులుసు బాగుందట."

గంగారత్నం ఆశ్చర్యపోయింది. "మూగవాడు మావకి ఈ సంగతంతా ఎలా చెప్పాడత్తా?" అని అడిగింది. ఆ సైగలు ఊహించుకుని నవ్వొచ్చిందామెకి. జ్వరం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ రోజు నుంచి ఆకు తోయడం మానేసి చేత్తో వేసింది. ఇంకో నాలుగు రోజులకి, అతను తింటున్నంతసేపూ అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడటం మొదలుపెట్టింది.

అమావాస్య నాటి సాయంత్రం రామకోటి అన్నమాట ప్రకారం దోనె తెచ్చాడు. దోనెలో చాప పరిచి ఉంది, కట్టెయ్యాల్సొస్తే తాడు కూడా ఉంది. ఆయన వచ్చేసరికి సింహాచలం తింటున్నాడు. పెద్దింటమ్మ గడపకి అడ్డంగా నిలబడింది.

"నువ్వు తప్పుకోమ్మా, పిల్లనే అడగనీ," అన్నాడు రామకోటి. "ఏమ్మా గంగారత్నం, ఈ అరుగు మీద మనిషెవరు?"

"మావ పంపిన మనిషండి."

రామకోటి పెద్దింటమ్మ వైపు చూసి తలాడించాడు. విన్నావా అన్నట్టు. అయినా ఇంకొక్క మాట అడిగాడు. "నీకేమవుతాడు?"

సింహాచలం చెయ్యి ఆకులో ఆగిపోయింది. తల ఎత్తితే ఆమె భయపడుతుందని ఎత్తలేదు. గంగారత్నం ఒంగి అతని మొహంలోకి చూసింది. నుదురు, గాటు, ముక్కు, మెతుకు అంటుకున్న మీసం, అన్నీ తీరిగ్గా చూసింది. చేతులు వణకలేదు.

"ఇంకా ఏమీ కాడండి," అంది. అని, ఆకులో పులుసు ఇంకిపోయిందని చూసి, ఇంకో గరిటె పోసింది.

పెద్దింటమ్మ రామకోటిని దోనె వెనక్కి తిప్పుకోమంది.