చంక కింది కుట్టు

పెద్దాపురంలో పట్టు నేసేవాళ్లు చాలామంది ఉన్నా, ఆ పట్టును ఇరవై పొరలు పేర్చి కత్తి దిగని చొక్కాగా కుట్టగలిగింది లోవలక్ష్మి ఒక్కతే. గోదావరి మీద ఆనకట్ట వచ్చాక నదిలోని లంకభూములకు గిరాకీ పెరిగింది, తగాదాలూ పెరిగాయి. ఆ తగాదాల్లో పగవాళ్లను మూటగట్టుకున్న పెద్దిరాజుగారికి మూడేళ్ల కిందట అలాంటి చొక్కా కుట్టి ఇచ్చింది. ఒక పొర పోగులు నిలువుగా, దానిమీది పొర పోగులు ఏటవాలుగా పరిచి, దగ్గరదగ్గరగా కుట్టింది. తడి తగలకుండా పైన నూనెగుడ్డ తొడుగు, చెమట పీల్చడానికి లోపల నూలు తొడుగు వేసింది. పట్టును ఉతకకూడదు, మడవకూడదు, ఎండలో వెయ్యకూడదు. ఏడాదికోసారి తొడుగులు మాత్రం మార్చాలి.

ఎప్పుడూ పాలేరు తెచ్చే చొక్కాను ఈసారి రాజుగారి తమ్ముడు చినబాబు తెచ్చాడు. ఆమెకు అదే వింతగా తోచింది. పైగా ఆమె తొడుగు విప్పుతుంటే ఎదురుగా కూర్చుని చూడసాగాడు.

"ఇందులో పలచన ఎక్కడ లోవలక్ష్మీ?"

ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకండి బాబూ?"

"ఊరికే. చంక కింద కుట్టుదగ్గర అంత గట్టిగా ఉండదేమో?"

నిజమే. చెయ్యి ఆడాలని అక్కడ పొరలు తగ్గించింది. ఆ సంగతి తొడుక్కునే మనిషికీ తనకూ తప్ప తెలియదు. ఈయనకెలా తెలిసింది?

"నాకు గుర్తులేదండి," అంది. "కొత్త తొడుగు ఒంటికి సరిచూడాలి. అన్నయ్యగారినే రమ్మనండి. ఆయన వస్తేగానీ ఇవ్వనండి."

చినబాబు చొక్కా అక్కడే వదిలి గబగబా వెళ్లిపోయాడు. ఆమె అనుమానం ఇంకా బలపడింది.

మూడోరోజున పెద్దిరాజు బండిలో వచ్చాడు. చినబాబు బయటే ఉండిపోయాడు. చొక్కా తొడుగుతూ ఆమె గొంతు తగ్గించింది.

"చెప్పకుండా ఉండలేనండి. చంక కింద పలచనా అని తమ్ముడుగారు అడిగారు. నాకు భయమేసిందండి."

పెద్దిరాజు తృప్తిగా నవ్వాడు. "నేనే అడగమన్నాను. నువ్వు గుట్టు బయటపెడతావా, నాకు చెప్తావా అని."

"ఎందుకడుగుతున్నారో ఆయనకు తెలుసాండి?"

"వాడికెందుకు? నీ జవాబు ఉన్నదున్నట్టు నాకు చేరవేస్తాడో లేదో, వాణ్ణీ పరీక్షించినట్టయింది."

గుమ్మంలో నీడ కదిలింది. చినబాబు ఎప్పుడొచ్చాడో అక్కడ నిలబడి ఉన్నాడు.

"అంటే ఈవిడ నన్ను హంతకుణ్ణనుకోవాలనా అన్నయ్యగారూ?"

జవాబు కోసం ఆగలేదు. బండి దాటి నడిచిపోయాడు. లోవలక్ష్మికి సిగ్గుతో తల వాలిపోయింది. తనూ అలాగే అనుకుంది మరి.

"వచ్చే ఏడు తొడుగులు ఇంకెవరిచేతనైనా కుట్టించుకోండి," అంది.

"నీకేం తక్కువ చేశాను?" అన్నాడు పెద్దిరాజు, నిజంగానే అర్థంకాక.

ఏడాది తిరిగాక పాలేరు మళ్లీ చొక్కా తెచ్చాడు. ఆమె ముట్టుకోలేదు. చినబాబుగారెలా ఉన్నారని మాత్రం అడిగింది.

"వేరుపడిపోయారండి. అన్నగారి గడప తొక్కడంలేదు."