వెతికినవాళ్ళ జాబితా

"ఆ డబ్బా కాస్త తియ్యమ్మా, వడ్డించాలి" అంది అత్తగారు. డబ్బా అంటే లాప్‌టాప్. కోడలి పని మంచి పట్టులో ఉన్నప్పుడే ఈ ఇంట్లో అందరికీ ఆకలేస్తుంది. ఎలా కుదురుతుందో ఆ భగవంతుడికే తెలియాలి! ఆమె లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, రెండో చేత్తో బల్ల తుడిచి కంచాలు పెట్టింది. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు సర్ది, పడగ్గదిలో ఉతికిన బట్టల కుప్ప పక్కకు నెట్టి మంచం చివర కూర్చుంది.

భర్తకు కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణం ఉంది. దాని వెబ్‌సైట్ మొత్తం ఆమె చేతి పనే. పెళ్ళికి ముందు ఆఫీసులో ఇదే పని చేసినప్పుడు ఆమెకంటూ ఒక కుర్చీ, ఒక హోదా ఉండేవి. ఇప్పుడు అత్తగారు ముద్దుగా పెట్టిన 'కంప్యూటరమ్మ' అనే పేరుంది. "ఇంట్లో కూర్చుని చూసుకునేదే కదా" అంటాడు భర్త. ఆ పుణ్యాత్ముడు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో తన దుకాణం పేరే కొట్టి చూసుకుంటాడు. "చూశావా, మనమే ఫస్ట్!" అని మురిసిపోతాడు. మన పేరు తెలిసినవాళ్ళు ఎలాగూ వస్తారండీ, తెలియనివాళ్ళు రావాలి, అని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. వింటేగా! అత్తగారు ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "ఇవాళ ఇరవైసార్లు నొక్కానే, వ్యాపారం పెరుగుతుంది" అంటుంది. ఆ ఇంటి నొక్కుళ్ళన్నీ కోడలు ఎవరికీ చెప్పకుండా సైటుకొచ్చినవాళ్ళ లెక్కలోంచి తీసేస్తుంది. పాపం, పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకు?

అవి తీసేశాక మిగిలే జాబితా ఉందే, అదంటే ఆమెకు ప్రాణం. ఎవరెవరో ఏమేం వెతికితే తమ సైటు కనబడిందో, కనబడినా ఎందరు లోపలికి రాకుండా వెళ్ళిపోయారో వరసగా చూపిస్తుంది. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆ వరసల్లో ఆమె కళ్ళు ఆగిపోయాయి. 'వంటగదిలో పట్టే చిన్న బల్ల.' 'మంచం మీద రాసుకోవడానికి బల్ల.' 'గోడకు మడిచిపెట్టే బల్ల, ఎవరికీ అడ్డం రానిది.' సైటు వందలసార్లు కనబడింది, ఒక్కరూ లోపలికి రాలేదు. అన్నీ ఫోన్‌ల నుంచే, అదీ మధ్యాహ్నం రెండింటికీ మూడింటికీ మధ్యే. పేరు లేదు, ముఖం లేదు. అయినా చూస్తూ చూస్తూ ఉంటే గదిలో గోడలు పల్చబడినట్టయింది. ఎక్కడెక్కడి వంటగదుల్లోనో చేతులు తుడుచుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడిచొచ్చి ఆ మంచం అంచున కూర్చున్నారు. ఒకామె ఒళ్ళో సగం కుట్టిన రవిక ఉంది. ఒకామె పరీక్షకు చదువుతోంది, వేలు పుస్తకంలో ఉంచుకుని. ఇంకొకామె ఏమీ చెయ్యడం లేదు, ఊరికే మోచేతులు ఆనించుకునే చోటు కోసం చూస్తోంది. ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు మాత్రం వాళ్ళ ఊపిరి వినబడుతున్నట్టే ఉంది. అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు. "ఏమే, బట్టలు మడతపెడుతున్నావా, నిద్రపోతున్నావా?" అని అత్తగారు కేకేసేదాకా ఈ లోకంలోకి రాలేదు.

దుకాణం వెనకగదిలో అలాంటి మడతబల్లలు అమ్ముడుపోక దుమ్ము పట్టి ఉన్నాయి. సైటులో వాటికి 'బహుళ ఉపయోగ ఫర్నిచర్' అని పేరు! ఆ మాట కొట్టి వెతికే మనిషి భూమ్మీద ఉంటాడా? ఆమె ఆ పేజీ తీసేసి, వాళ్ళ మాటలతోనే కొత్త పేజీ రాసింది. ఎంత వెడల్పు, ఎంత బరువు, ఒక చేత్తో మడవొచ్చా, అన్నీ. వారం వారం చూసుకుంది, శీర్షిక మార్చింది, ఫోటోలు మార్చింది. వెతికితే వచ్చే వరసలో ముప్పైతొమ్మిదో చోట ఉన్న పేజీ పాకుతూ పాకుతూ ఏడో నెలకు మూడో చోటికి చేరింది. బల్లలన్నీ అమ్ముడుపోయి కొత్తవి చేయించాల్సి వచ్చింది.

వర్తక సంఘంవాళ్ళు భర్తను పిలిచి ఈ విజయం గురించి ప్రసంగించమన్నారు. ప్రసంగం రాసింది ఆమే. చివర్లో చిన్న అక్షరాలతో తన పేరు ఒక్కసారి పెట్టుకుంది. అతను చదివి, నవ్వి, ఆ ఒక్క వాక్యం కొట్టేశాడు. "నీ పేరెందుకులే మధ్యలో. నీదీ నాదీ అని వేరే ఉంటాయా?" అన్నాడు. మాట తియ్యగానే ఉంది. ఈ ఒక్కటైనా తనదని నలుగురికీ తెలిస్తే బాగుండునని ఎంత ఆశపడిందో ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది, ఏడవలేదు. కొత్త చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె జాబితా ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. భర్తే. గొంతు తగ్గించి, కంగారుగా ఉన్నాడు.

"వేదిక మీదున్నానే. ఒకావిడ లేచి అడుగుతోంది, ఇంతమందికి చిన్న బల్ల కావాలని ఎలా పసిగట్టారు, వాళ్ళెవరో మీకెలా తెలుసు అని. తొందరగా చెప్పు, రెండు ముక్కల్లో."

నోటిదాకా వచ్చిన జవాబు ఆమె ఆపుకుంది. ఎప్పటిలాగే చెప్పేస్తే ఎప్పటిలాగే అయిపోతుంది. ఎదురుగా తెరమీద, ఎక్కడో ఎవరో వెతుకుతూనే ఉన్నారు. ఒకరు, మరొకరు.

"మైకు దగ్గర పెట్టండి ఫోను. నేను చెప్తాను."

"ఏమిటీ? నవ్వుతారే! నాకు చెప్పు చాలు."

"ఆ పని చేసింది నేనండీ. అడిగినావిడకి నేనే చెప్తాను. లేదంటే మీకు తెలిసింది చెప్పండి."

అటువైపు మైకు కీచుమంది. పెద్ద హాలు నిశ్శబ్దం ఆమె చెవిలోకి వచ్చింది.

"నమస్కారమండీ. ఆ సైటు పని చేసేది నేను. వాళ్ళెవరో నాకెలా తెలుసని అడిగారు. మంచం మీద కూర్చుని, ఎవరేం వెతికారో చూపించే జాబితా చూశాను. అలా వెతుకుతున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని."