మూడో మలుపు, మూడో గేరు

శనివారం పొద్దున మన్ననూర్ ఎత్తు ఎక్కుతుండగా మూడో మలుపు దగ్గర కారు మళ్లీ మొరాయించింది. ఆగిపోలేదు. ఆగిపోయి ఉంటే ఒక రకంగా నయమే, బాగుచేయించడానికి ఒక దారి దొరికేది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా మూలుగుతూ, నడిచే మనిషితో సమానంగా పాకింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డంతా నల్లటి పొగ. సుహానా గేరు మార్చి, మార్చి, చివరికి ఒకటో గేరులోకి వచ్చింది. ఇటుకల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వాళ్లను దాటిపోయింది.

"ఇటుకల లారీ గూడ దాటిపాయె. ఇగ మిగిలినయి మేకలే," అంది వెనక సీట్లోంచి మనీషా టీచర్.

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ముందు సీట్లో కూర్చున్న పెద్ద టీచరమ్మ మాత్రం నవ్వలేదు. చేతి గడియారం చూసుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆ నలుగురినీ నాగర్‌కర్నూల్‌లో ఎక్కించుకుని కొండ మీది బడికి చేర్చడం, సాయంత్రం మళ్లీ దింపడం సుహానా పని. నడిపేది ఆడపిల్ల అని తెలిసి వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. ఎనిమిది నెలలుగా సుహానా ఇంటికి నెలనెలా ఆధారం ఆ ఒక్క కిరాయే.

బడి ముందు అందరూ దిగాక కూడా ఆమె ఇంజన్‌ను ఒక నిమిషం అలాగే తిరగనిచ్చింది. ఎత్తు ఎక్కి వచ్చాక, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో వేడి మీద ఉంటుంది, వెంటనే ఆపితే దానికి నూనె అందదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆమె ఒక్కసారీ ఆ నిమిషం తప్పించలేదు.

"మేం దిగినంక గూడ నీ బండి దువా చేస్తది ఏందమ్మా," అని మనీషా టీచర్ రోజూ అనే మాటే అంది. కానీ రోజూలా వెళ్లిపోకుండా కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "సుహానా, నీ మీద కోపం లేదు. ఈ నెలల ఐదోసారి ఇది. ప్రేయర్ అయినంక పోతే పిల్లలు గూడ మమ్మల్నే జూస్తరు. జితేందర్ రోజూ ఫోన్ చేస్తుండు, తన బండి పెడ్తనని."

"సోమవారం దాకా ఆగుండ్రి మేడమ్."

"ఆగుతం. సోమవారం ఈ ఎత్తు సక్కగ ఎక్కితే నువ్వే. ఎక్కకపోతే మంగళవారం నుంచి జితేందర్. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"తిట్టుకోను మేడమ్," అంది సుహానా.

ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అయిజ పక్క పల్లెలో పదో తరగతి దాకా చదివింది. సెలవుల్లో విత్తన పత్తి చేన్లలో మొగ్గలు గిల్లే పనికి పోయేది. పొద్దుగూకే వేళ ఒక్కో మొగ్గను గోటితో ఒలిచి, తెల్లారాక దాని మీద వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. గోరు కొంచెం లోతుగా దిగితే కాయ నిలవదు. తొందరపడేవాళ్లకు ఆ పని చేతకాదు. కారు చేయిజారితే మళ్లీ ఆ చేన్ల బాట పట్టాల్సిందేనని ఆమెకు తెలుసు. ఆ పనంటే చిన్నచూపు లేదు. కానీ స్టీరింగ్ పట్టిన చేతులు ఇక దాన్ని వదలం అంటున్నాయి.

కారు తండ్రి గౌస్ కొన్నది. పాతికేళ్లు అయిజలో ఒక సావుకారి దగ్గర ట్రాక్టర్ నడిపి, నాగర్‌కర్నూల్‌కు మకాం మార్చి, కూడబెట్టినదంతా పెట్టి, అప్పటికే లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగిన తెల్లటి డీజిల్ సెడాన్ తెచ్చాడు. "టర్బో బండి, కారు కాదు ఇది, గాలి," అని నాగర్‌కర్నూల్ వాడంతా చెప్పుకున్నాడు. ఆ ఏడాదే క్లచ్ పోయింది, పద్నాలుగు వేలు. తర్వాత ఇంజెక్టర్ ఒకటి, తొమ్మిది వేలు. పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు మసిపట్టి మూసుకుపోతే దాన్ని కడిగించడానికి ఇంకో మూడు వేలు. అంతలో అతని రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. అలా తాళం చెవి కూతురి చేతికి వచ్చింది. అలా తాళం చెవి కూతురి చేతికి వచ్చింది.

తాళం చెవితో పాటు ఆమె ఒక నోటుబుక్కు కూడా పెట్టుకుంది. తేదీ, కిలోమీటర్లు, కొలత పుల్ల తీసి చూస్తే ఇంజన్ నూనె ఏ గీత దాకా ఉంది, ఏ ఎత్తు ఏ గేరులో ఎక్కింది, కొత్తగా ఏం చప్పుడు వినబడింది. రోజూ రెండు మూడు ముక్కలు రాసేది.

"దవాఖానల చీటీ లెక్క రాస్తున్నవ్," అని గౌస్ నవ్వేవాడు. "ఇంజన్ చెవికి తెలవాలె బేటీ, పుస్తకానికి గాదు."

ఆదివారం ఇద్దరూ వనపర్తి వెళ్లారు. కొత్తకోట రోడ్డు మీద శివకుమార్ దుకాణం ఉంది. టర్బో అంటే గద్వాల నుంచి కూడా అతని దగ్గరికే వస్తారు. అతను బానెట్ ఎత్తి, టర్బో నుంచి ఇంజన్‌కు పోయే లావుపాటి రబ్బరు గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. వేలు నల్లటి నూనెతో మెరిసింది.

"గౌస్ భాయ్, జూడు. కథ అయిపాయె. టర్బో సీలు కొట్టేసింది, నూనె కారుతున్నది. కొత్తదైతే నలభై ఎనిమిది వేలు. విప్పి బాగుచేసింది పెట్టమంటే ఇరవై రెండు, కానీ మూన్నెల్ల తర్వాత నన్ను అడగొద్దు. కూలి వేరే."

గౌస్ ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. "అమ్మితే?"

"ఉన్నదున్నట్టు లక్షకు ఇప్పిస్త. బుధవారానికి పైసలు."

"లక్ష," అన్నాడు గౌస్. నాలుగున్నర పెట్టి కొన్నాడు. కాస్త ఆగి, "ఇప్పియ్యి మరి. రోజూ ఒక రోగం. పిల్ల పరేషాన్ అయితున్నది," అన్నాడు.

"అబ్బా, నేను పరేషాన్ అయితున్ననని నేనన్ననా?" అంది సుహానా తండ్రితో. "శివన్నా, గాలి ఫిల్టర్ జూసినవా?"

శివకుమార్ బదులు చెప్పేలోపే గౌస్ అందుకున్నాడు. "అది కొత్తది. నా చేతులతో నేనే ఏసిన. మూన్నెల్లు గాలే. దాని జోలికి పోకుండ్రి."

"ఇన్నవా? పాతికేండ్లు ఇంజన్ల కాడ ఉన్న మనిషి," అన్నాడు శివకుమార్. "ఈ కాలం పిల్లలు ఫోన్ల రెండు వీడియోలు జూస్తరు, మూడోనాడు మాకే పాఠం చెప్తరు."

సుహానా నవ్వలేదు, ఉడుక్కోలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి బానెట్ అంచు మీద పరిచింది.

"అన్నా, జర ఇది జూడు. జూలై ఇరవై తారీఖున మూడో మలుపు మూడో గేరుల ఎక్కింది. ఆగస్టు ఐదు, రెండో గేరు. ఆగస్టు ఇరవై ఒకటి, నల్ల పొగ. అప్పటిదాకా నూనె గీత కాడనే ఉన్నది, రోజూ రాసిన. నూనె తగ్గుడు సెప్టెంబర్ల మొదలైంది." పేజీ తిప్పింది. "ముందు బలం తగ్గింది. నూనె తర్వాత వచ్చింది. సీలు పోయినందుకే బలం తగ్గితే నూనె ముందు రావాలె గదా?"

శివకుమార్ వేలు బట్టకు తుడుచుకుంటూ ఆగాడు. ఆ పేజీని మొదటి నుంచి మళ్లీ చదివాడు. "నీలం పొగ కనబడిందా ఎప్పుడన్న?"

"లేదు. నల్లదే. ఎత్తుల మీదనే."

"గాలి అందకున్నా గట్లనే అయితది," అన్నాడతను నెమ్మదిగా, ఆమెతో కాక తనతో తాను అనుకుంటున్నట్టు. "పీల్చనీకి గాలి దొరక్కుంటే టర్బో తన నూనెనే గుంజుకుంటది..."

"గాలి ఎందుకు అందదు? ఫిల్టర్ కొత్తదని చెప్తున్న గదా!" గౌస్ గొంతు లేచింది. పక్కన ఆటో బాగుచేయించుకుంటున్నవాళ్లు ఇటు తిరిగారు. "నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

నలుగురి ముందు తండ్రి మాట దాటడం సుహానాకు కొత్త. ఇంట్లో కూడా ఎన్నడూ దాటలేదు. కానీ మూడో మలుపు కళ్ల ముందు ఉంది.

"నమ్మకం ఉన్నది అబ్బా. ఇప్పుడైతే కంటితోని జూస్త," అని ఫిల్టర్ డబ్బా క్లిప్పులు నాలుగూ తనే విప్పింది.

మూత లేచింది. లోపల ఫిల్టర్ ఉండాల్సిన చోట నల్లటి అట్టలాంటిది ఉంది. దాన్ని పట్టి లాగితే మొత్తం ఒకే ముద్దగా బయటికి వచ్చింది. ఫిల్టర్ నిజంగా కొత్తదే. దాని చుట్టూ రెండు మడతలు వేసి బట్ట చుట్టారు. జారిపోకుండా అంచుల వెంట దారంతో కుట్టారు. దాదాపు మూడు నెలల దుమ్ము, ఇంజన్ జిడ్డు కలిసి బట్ట బెరడులా గట్టిపడింది. ఒక మూలన మాత్రం, మడత లోపల, నీలం రంగు మిగిలింది. ఆ అంచున సన్నటి కుట్టు ఉంది. అమ్మ సుల్తానాబీ చేతి కుట్టు. అది సుహానా పదో తరగతి యూనిఫాం చున్నీ.

శివకుమార్ నవ్వబోయి, గౌస్ ముఖం చూసి మానుకున్నాడు.

"అచ్చంపేట తోవల రోడ్డు తవ్విండ్రు గదా," అన్నాడు గౌస్, ఎవరినీ చూడకుండా. "మట్టి ఊరికే లేస్తుండె. కొత్త ఫిల్టర్ నెలకే కరాబైతదేమో అనుకున్న. పల్లికాయ మిషన్ కాడ ట్రాక్టర్ నిలవెడితే గాలి గొట్టానికి గుడ్డ కట్టాలె. కట్టకుంటే సావుకారి తిడ్తుండె. పాతికేండ్లు కట్టిన. ఒక్క ఇంజన్ చెడలేదు."

"కట్టినవు, మంచిగనే చేసినవు భాయ్. కానీ పొద్దుమీకి విప్పి దులుపుతుంటివి గదా?" అన్నాడు శివకుమార్.

గౌస్ ఆలోచించాడు. "రోజూ దులుపుతుంటి," అన్నాడు. ఆ మాట అన్నాక అతని భుజాలు దిగిపోయాయి. "కండ్లకు ఆపరేషన్ అన్నరు, దవాఖానకు పోయిన. ఇగ మర్సిపోయిన."

సుహానా ఆ ముద్దను కింద పెట్టింది. తండ్రి చేతి కుట్టు వంకర టింకరగా ఉంది. శుక్లాలు పట్టిన కళ్లతో సూదిలో దారం ఎలా ఎక్కించాడో అనిపించింది. అయినా ముందు అడగాల్సింది వేరే ఉంది.

"శివన్నా, ఇప్పుడు టర్బో ఉన్నదా పోయిందా? అది జూసి చెప్పు."

అతను గాలి గొట్టం పక్కకు తీసి, లోపలి చిన్న ఫ్యాన్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముందుకు, వెనక్కి, అటూ ఇటూ కదిపాడు. తర్వాత ఆమెను కూడా పట్టుకోమన్నాడు. "ముందుకెనకకు ఆడుతున్నదా? లేదు. పక్కకు జరంత ఆడుతున్నది. అరిగింది. పోలేదు. ఏడాది నడువచ్చు, రెండేండ్లు గూడ నడువచ్చు. కాయితం రాసియ్య."

"ఎత్తు ఎక్కుతదా?"

"ఎక్కాలె," అన్నాడు. ఎక్కుతుంది అనలేదు.

గొట్టాలు, గాలిని చల్లబరిచే జాలీ విప్పి నూనె అంతా వంచేశారు. డీజిల్‌తో కడిగి ఆరబెట్టారు. కొత్త ఇంజన్ నూనె, రెండు ఫిల్టర్లు, గొట్టాలు బిగించే రెండు క్లాంపులు కలిపి ఐదు వేల రెండు వందలు. కూలి ఎంతని సుహానా అడిగితే శివకుమార్ చెయ్యి ఊపాడు.

"డబ్బా విప్పకుండ నలభై ఎనిమిది చెప్పిన. కూలి తీసుకుంటే నాకే సిగ్గు. ఆ బుక్కు మాత్రం మానకు."

తిరుగు దారిలో బండి బిజినేపల్లి దాటింది. అప్పుడు గౌస్ అన్నాడు: "లక్షకు ఇచ్చేస్తుంటి. నేను కుట్టిన గుడ్డ మూలంగ."

"ఇయ్యలేదు గదా అబ్బా."

"మీ అమ్మీకి చెప్పకు."

"చున్నీ ఎటుపోయిందని మూన్నెల్ల నుంచి ఎతుకుతున్నది. ఏం చెప్పాలె?"

గౌస్ చాలాసేపటికి నవ్వాడు. కానీ సుహానా నవ్వలేదు. ఆమె చెవి ఇంజన్ మీదే ఉంది. చదును రోడ్డు మీద బాగానే పోతోంది. చదును రోడ్డు మీద అది ఎప్పుడూ బాగానే పోయింది.

సోమవారం టీచర్లు ఎక్కారు. పెద్ద టీచరమ్మ ముందు సీట్లో, సంచి ఒళ్లో పెట్టుకుని. అచ్చంపేట దాటాక మాటలు తగ్గాయి. మనీషా టీచర్ ఫోన్ పక్కన పెట్టేసి రోడ్డు చూస్తోంది. చెట్లు దగ్గరపడ్డాయి, రోడ్డు లేవడం మొదలైంది.

మొదటి మలుపు నాలుగో గేరులో. రెండో మలుపు దగ్గర సుహానా మూడుకు దించింది. ఎదురుగా బస్సు దిగుతూ వస్తే ఎడమకు ఒదిగి, వేగం తగ్గించాల్సి వచ్చింది. అసలు భయం అదే. ఊపు పోయాక ఎక్కాలి. యాక్సిలరేటర్ మీద అరికాలు నెమ్మదిగా ఆనించింది, పత్తి మొగ్గ మీద గోరు ఆనించినట్టు, తొందర లేకుండా. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత బానెట్ కింద సన్నటి ఈల మొదలైంది. నెలన్నరగా ఆమె వినని టర్బో ఈల. సీటు వీపును నెట్టింది. మూడో మలుపు వచ్చింది, తిరిగింది, వెనక్కిపోయింది. గేరు మారలేదు. అద్దంలో రోడ్డు రోడ్డులాగే కనబడింది.

ముందు పోతున్న ఇటుకల లారీని ఆమె హారన్ కొట్టి దాటింది.

"మొన్నటి లారీయేనా?" అంది పెద్ద టీచరమ్మ. ఈ ఎనిమిది నెలల్లో ఆమె కారులో నవ్వడం అదే మొదలు.

బడి ముందు దిగి మనీషా టీచర్ ఫోన్ తీసింది. "జితేందర్‌కు వద్దని చెప్తున్న. కానీ సుహానా, మళ్ల గిట్లయితే?"

"మళ్ల అయితది మేడమ్, పాత బండి. టర్బో ఏడాదో రెండేండ్లో. నెలకింత పక్కకు పెడ్త. పోయేముందు నాకు తెలుస్తది, మీకు గూడ ముందే చెప్త."

మనీషా టీచర్ ఆమెను ఒకసారి చూసి, తలూపి వెళ్లిపోయింది.

సుహానా ఇంజన్‌ను ఒక నిమిషం తిరగనిచ్చి ఆపింది. ఇంటికి ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తాడు గౌస్.

"మూడో మలుపు?" అన్నాడు.

"మూడో గేరు."

అవతల ఊపిరి వినబడింది. "నూనె జూసినవా?"

"జూస్తున్న," అంది. బానెట్ ఎత్తి, పుల్ల తీసి, డిక్కీలోంచి తెచ్చిన బట్ట ముక్కతో తుడిచింది. ఆదివారం రాత్రి మూడు సార్లు ఉతికినా ఆ చున్నీ నలుపు పూర్తిగా పోలేదు, నీలం మాత్రం అక్కడక్కడా తేలింది. పుల్ల మళ్లీ ముంచి తీసింది. నూనె గీత దగ్గరే ఉంది. నోటుబుక్కు తీసి ఆ మాటే రాసుకుంది.