సదయ్య పేరు మీద నిద్ర

ఓపెన్‌కాస్టు బొగ్గుగని గేటు దగ్గర, హాజరు వేసే మస్టరు బల్ల మీద కొత్తగా ఒక పెట్టె పెట్టారు. నైట్ షిఫ్టుకు వచ్చిన, మట్టీ బొగ్గూ మోసే డంపర్ బండ్ల ఆపరేటర్లు మణికట్టును దానికి చూపాలి. పగలు సరిగ్గా నిద్రపోయిన వాడికి ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, బండి ఇస్తారు. పోనివాడికి ఎరుపు, ఇవ్వరు. ఎవరు పడుకున్నారో ఎవరు పడుకోలేదో మణికట్టుకు కట్టిన నల్లటి పట్టీ చెబుతుంది. కార్మికులు దానికి నిద్ర కడెం అని పేరు పెట్టుకున్నారు.

సదయ్యకు వరసగా ఎరుపే వచ్చింది. భార్య శోభ పోయినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. ఆ సంగతి తెలియడానికి కడెం అక్కర్లేదు, మొహం చాలు.

"ఇంకొక్కపారి రెడ్ వస్తె బండి మీదికెళ్లి దించుతరు కాకా," అన్నాడు బల్ల వెనక కూర్చున్న వీరేందర్. "సర్ఫేసుల మజ్దూర్ పనే ఇగ, పారా తట్టా. నా చేతుల లేదు."

సదయ్య వెనక్కి తిరిగాడు. మేడంత ఎత్తున ఉండే డంపరు సీట్లో కూర్చుంటే కింద మనుషులు కనపడరు. లోకంలో అతనికి నచ్చే చోటు అదొక్కటే మిగిలింది.

తోటి ఆపరేటర్ జైపాల్ గేటు బయటిదాకా వెంట వచ్చాడు. "పిచ్చోనివి బావా నువ్వు. నేను పొద్దంత పత్తిచేన్ల ఉంట. మా ఇంటామె నా కడెం కట్టుకొని గుర్రు పెడుతది. రోజూ గ్రీనే. రేపు కండ్లకు గూడ ఏదో కడుతరట. మనం ఏం జూస్తున్నమో ఆఫీసుల కూసొని చూస్తరట. దాని సంగతి అప్పుడు జూద్దాం."

"నాకు ఇంటామె ఏది?"

జైపాల్ నాలుక కరుచుకున్నాడు. "మీ అత్త ఉన్నది గద," అన్నాడు.

ఉంది. శోభ ఏడాది మాసికానికి వచ్చిన ఆమె తల్లి సారవ్వ తిరిగి ఊరికి పోలేదు. ఉండమని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు, ఎందుకంటే సదయ్య ఆమెతో మాట్లాడడు. శోభకు కామెర్లు వచ్చినప్పుడు దవాఖాన వద్దని పుట్టింటికి తీసుకుపోయి పసరు పోసింది ఈమే. దవాఖానకు చేర్చేసరికి ఆలస్యమైపోయింది. సదయ్య దాన్ని మరిచిపోలేదు. మరిచిపోదలుచుకోలేదు. ఆమె వండేది, అతను తినేవాడు. అంతే.

మర్నాడు పొద్దున కడెం తీసి ఆమె ముందు పడేశాడు.

"కట్టుకో. పండుకో."

"గిదేంది కొడుకా?"

"నీకెందుకు?"

ఆమె కట్టుకుని పడుకుంది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు క్వార్టరు గోడలు వణికాయి. అరలో గిన్నెలు చిన్నగా మోగాయి. సారవ్వ కదలలేదు. కిటికీలోంచి పడ్డ ఎండలో బొగ్గునుసి బంగారంలా తేలుతూ వచ్చి ఆమె మీద వాలింది. మణికట్టు మీద చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. సదయ్య గుమ్మంలో కూర్చుని చూశాడు. తన నిద్ర అక్కడ, తనకు గిట్టని మనిషి ఒంట్లో, మెల్లగా ఊపిరి తీస్తోంది.

పొద్దు వాలి ఆమె లేచాక అతని నోటి నుంచి మాట జారింది. "కలొచ్చిందా?"

"వచ్చింది కొడుకా. బిడ్డ గోదాట్ల చీర జాడిస్తంది. జాడించిన కొద్ది పొడుగైతంది ఆ చీర. అవుతలి ఒడ్డుదాక పోయింది. దాని మీద కొంగలు నడుస్తన్నయ్."

"ఏమన్న అన్నదా?"

"ఏమనలే. నవ్వింది."

కడెం మళ్లీ తను కట్టుకుని పోయాడు. ఆ రాత్రి ఆకుపచ్చ వచ్చింది.

తర్వాత రోజూ అంతే. నిద్ర తన పేరు మీద ఉంది కాబట్టి కల కూడా తనదేనని సదయ్య తీర్మానించుకున్నాడు. మోసుకొచ్చిన ముసలామె దాన్ని అప్పజెప్పాలి. డ్యూటీకి పోయే ముందు నిలబడి వసూలు చేసేవాడు. ఒకనాటి కలలో శోభ డంపరు తొట్టిలో మిరపకాయలు ఆరబోసింది. బండి మట్టిగుట్ట ఎక్కి, అక్కడ ఆగకుండా మబ్బుల్లోకి ఎక్కింది.

"నడిపేది ఎవరు?"

"నువ్వే. మెల్లగ పొమ్మంటంది, కాయలు పడుతయని."

సదయ్య ఆ కలను సీటు పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపాడు. మంచు దట్టంగా పట్టిన ఒక తెల్లవారుజామున, రోడ్డు మీద ఎర్రటి మిరపకాయలు ఆరబోసి కనిపించాయి. వాటి పక్కన శోభ నిలబడి చెయ్యి ఊపుతోంది. కాయలు నలగకుండా ఆమె దగ్గరికి మెల్లగా పోనిచ్చాడు.

ఎర్రగా ఉన్నవి కాయలు కావు. ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు వెనక దీపాలు. చెయ్యి ఊపుతున్నది దాని డ్రైవరు. సదయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. బండి ఆ మనిషి ముందు ఆగింది.

"కండ్లు మూసుకొని తోలుతున్నవా అన్నా!" అరిచాడు డ్రైవరు. "నా పెండ్లాం తాళి తెగేది గదనే!"

సదయ్య ఇంటికి వచ్చి కడెం విప్పి ఇచ్చాడు. సారవ్వ రోజూలాగే కట్టుకుంటుంటే ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నీ నిద్ర ఏం పని జేసింది నాకు? ఇయ్యాల మనిషిని చంపుతుంటి!"

ఆమె చాప మీద చతికిలబడింది.

"నేనేడ పండుకున్న కొడుకా," అంది. "ఒక్కనాడు గూడ పండుకోలే. కదిలితె నీ నిద్ర చెడిపోతదని కట్టె లెక్క పడి ఉన్న. కండ్లు మూస్తె బిడ్డ కనవడేది. అదే చెప్పిన నీకు." కడెం ఉన్న చెయ్యి ముందుకు చాపింది. "పసరు పోసింది గీ చెయ్యే. దీనికి ఏం గడితె నిద్ర వస్తది?"

కడెం కదలని చేతిని చూసి నిద్ర అనుకుంది. సదయ్య కూడా అట్లాగే అనుకున్నాడు.

అతను క్షమించాడని ఎవరూ అనుకోవద్దు. ఆ చేతి నుంచి కడెం విప్పి తన చేతికి కట్టుకున్నాడు. సాయంత్రం బల్ల దగ్గర పెట్టెకు చూపాడు.

"రెడ్, కాకా," అన్నాడు వీరేందర్, బాధగా.

"ఎర్కే. నిద్ర లేదు నాకు. బండి ఇయ్యకు."

"మజ్దూర్ల ఏస్తరు."

"ఏయనియ్యి."

ఇంటికొచ్చి చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వంటింటి గడపలో సారవ్వ కూర్చుని ఉంది.

"మిరపకాయల కల మబ్బులకెక్కిన కాడ ఆపినవు," అన్నాడు సదయ్య.

"అది కల గాదు కొడుకా."

"ఎర్కే. చెప్పు."

ఆమె చెప్పింది. మబ్బుల్లో ఎండ బాగా కాసిందట. కాయలు గలగలలాడేదాకా ఎండాయట. శోభ కొంగు పరిచి వాటిని ఎత్తుతూ, బండి దిగి కాసేపు నడుం వాల్చమని అతన్ని అందట. మధ్యలో నైట్ షిఫ్టు సైరన్ మోగింది. సారవ్వ ఆగింది. ఊఁ అంటూ వచ్చిన మనిషి ఈసారి ఊఁ అనలేదు.

అతని మణికట్టు మీద దీపం మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంది. అదేం చెబుతుందో సారవ్వకు తెలియదు. వెలుతురుకు నిద్ర చెడుతుందేమోనని దాని మీద కొంగు కప్పి, అతను కదిలేదాకా కదలకుండా కూర్చుంది.