అత్తయ్య దిగలేదు

అత్తయ్య కారెక్కి కూర్చుని సీటు బెల్టు పెట్టేసుకుంది. పదింటికి తుక్కు కొనేవాడు వస్తాడు, బండి అప్పగించేద్దామని మరిది చెప్పి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

రేడియేటర్ ఫ్యాను తిరగక ఇంజను నెల రోజులుగా ఉడికిపోతోంది. మోటారు కాలిపోయిందని, ఇంత పాత బండికి కొత్తది దొరకదని మరిది తేల్చేశాడు. అతను మెకానిక్కు, ఇంట్లో అతని మాటకు ఎదురు లేదు. కానీ అత్తయ్యకు వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. మొన్న బస్సులో తీసుకెళితే మెట్ల మీద జారిపడింది. మోకాలి పుండు ఇంకా మానలేదు.

"దిగమ్మా, చిన్నపిల్లలా ఏంటిది?" అన్నాడు మరిది.

"నన్ను కూడా కలిపే తూకం వేయమను."

దేవుడికి దణ్ణం పెట్టుకుని బానెట్ ఎత్తాను. మోటారు ప్లగ్గు పీకి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు తగిలించాను. ఫ్యాను గిర్రున తిరిగింది.

"ఏం నాయనా, కాలిపోయిన మోటారు తిరుగుతోందే?" అంది అత్తయ్య కార్లోంచి.

"అయితే వైరింగ్ పోయుంటుంది. ఎక్కడని వెతుకుతావు? ఇది కుట్టుమిషను కాదు వదినా."

"కుట్టుమిషనైతే నిన్ను పిలిచేదాన్నే కాదు."

ఇంజను వేడెక్కితేనే ఫ్యానుకు కరెంటొస్తుంది. అందుకని దాన్ని వేడెక్కనిచ్చి, తీగలు కట్టిన చిన్న బల్బుతో ప్లగ్గు దగ్గర చూశాను. ఒక కొస కరెంటొచ్చే తీగకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు పెడితే వెలిగింది. ఆ రెండో కొసను ప్లగ్గులోని నల్ల తీగకు మారిస్తే వెలగలేదు. కరెంటు వస్తోంది, తిరిగి వెళ్లే దారే లేదు. ఇంజను ఆపి, నల్ల తీగ వెంట వెళితే హెడ్‌లైటు వెనక బాడీకి బిగించిన బోల్టు కనిపించింది.

కిందటి నెల అక్కడ తుప్పు చూసి, ఆ బోల్టు విప్పి, కింద రెండు పూతలు రంగు వేసి మళ్లీ బిగించింది నేనే. కరెంటు బాడీలోకి దిగకుండా ఆ రంగే అడ్డుపడింది. మాకే ఎందుకిలా చేశావని నెలంతా దేవుణ్ణి అడుగుతున్నాను. చేసింది నేనైతే ఆయనేం జవాబిస్తాడు మరి?

తప్పు నాదేనని మరిదికి చెప్పాను. అతను ఉప్పుకాగితం తెచ్చిచ్చాడు. ఇనుము మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, ప్లగ్గు మళ్లీ మోటారుకు తగిలించి, ఇంజను స్టార్ట్ చేశాను. తుక్కువాడి ట్రక్కు వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. ఇంజను వేడి చూపే ముల్లు సగం దాటింది. ఇంకొంచెం పాకింది. ఫ్యాను ఒక్కసారిగా హోరెత్తింది.

ఇక దిగొచ్చని అత్తయ్యతో అన్నాను.

"ఎందుకు దిగడం? ఇవాళ ఆస్పత్రి రోజేగా," అని ఆమె అద్దం దించి కొడుకును పిలిచింది. "ఒరేయ్, ముందు ఆ ట్రక్కు తీయించు. మాకు దారి కావాలి."