కేబులు చాలని చోట

సెల్లారులో లిఫ్టు పక్క గది ఆమెది. రోజూ అందరికంటే ముందొచ్చి, తలుపు తీసి, స్విచ్చుల మీది పచ్చ లైట్లని పలకరింపుగా చూసి కూర్చునేది. పై అంతస్తుల ఇంటర్నెట్టంతా ఆ పెట్టెల్లోంచే వెళ్తుంది. ఆమెని మాత్రం ఎవరూ ఎరగరు. ఫోన్లో "నెట్టమ్మాయ్" అని పిలుస్తారు, నెట్టు రాగానే పెట్టేస్తారు. మంచిమాటకి కూడా డేటా ఖర్చవుతుందేమో మరి.

ఆ బిల్డింగులో ఒకే స్విచ్చు మీద ఉన్నవాళ్లకి ఆకలీ ఆవలింతా ఒక్కసారే వచ్చేవి. పై అంతస్తంతా కలిసి తుమ్మితే, "వాళ్ల స్విచ్చుకి దుమ్ము పట్టినట్టుంది, తుడవమనండి" అనుకునేవాళ్లు కిందివాళ్లు. ఆమె గదిలో ఒక ముసలి స్విచ్చు ఉంది. దాని మీద ఆమె ఒక్కతే. ఆమె ఆకలి ఆమెదే.

"స్విచ్చులన్నిటినీ కలిపి ఒక్కటి చేసెయ్," అన్నాడు మేనేజరు. "ఇక రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ఇంట్లోంచే చూసుకోవచ్చు. హాయి కదూ?"

ఇల్లంటే ఒక కుర్చీ, ఎదురుగోడ కనిపించే కిటికీ. ఇక్కడైతే లిఫ్టులో మనుషుల మాటలైనా వినిపిస్తాయి. ఆ ఇంట్లో హాయెక్కడుందో అతన్నే అడుగుదామనుకుంది.

"సరే సార్," అంది.

పైవాళ్ల స్విచ్చులు ఆపి, ఒకదాన్నుంచి ఇంకోదానికి కేబుళ్లు వేసుకుంటూ పోయింది. చివరిదాన్ని తిరిగి మొదటిదానికి కలపాలి. అప్పుడే ఎక్కడ తెగినా మిగతావి విడిపోవు. ఆ కేబులే చాల్లేదు. ఆపకుండా నడుస్తున్న తన ముసలి స్విచ్చునే మధ్యలో కలిపితే అందింది. అన్నీ ఆన్ చేసింది, కానీ వాటిలో పెద్ద ఎవరో చెప్పడం మర్చిపోయింది. చెప్పకపోతే, ఆగకుండా ఎక్కువకాలం నడిచిందే పెద్దదవుతుంది. మిగతావన్నీ దాని మాటే వింటాయి.

మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచింది. రేపు ఈ లిఫ్టు చప్పుడు కూడా ఉండదు. కలిపిన ముద్దని మళ్లీ బాక్సులోనే పెట్టేసింది. కళ్లు నిండి నీళ్లు జారాయి.

లిఫ్టు దిగింది. మళ్లీ పైకెళ్లి, మళ్లీ దిగింది. కళ్లొత్తుకుంటూ, బాక్సు చంకన పెట్టుకుని ముందుగా అకౌంట్స్ ఆవిడ వచ్చింది. వెనక ఇంకా బోలెడుమంది, అందరి ముక్కులూ ఎర్రగా.

"ఏడుపు ఎక్కణ్ణుంచి వస్తోందా అనుకున్నాం, నువ్వా? కంప్యూటర్లో అంకె కనబడి చావట్లేదు. జరుగు, ఇక్కడే తింటాం."

చివర్న మేనేజరు ముక్కు చీదుకుంటూ వచ్చాడు.

"రేపు కూడా రామ్మా," అన్నాడు. "నువ్వు ఇంట్లో కూర్చుని ఏడిస్తే ఇంతమందిమి ఎక్కడని వెతుక్కుంటూ రావాలి?"

ఆమె కుర్చీ జరిపింది. కాసేపటికి ఆకలేసింది.

గదిలో బాక్సుల మూతలన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.