పెండ్లి పత్రిక మీద ఉద్యోగం

మా తమ్ముడు కాటమయ్య కరెంటు స్తంభం మీద చనిపోయిన పదకొండో రోజు, నేనూ మరదలు సైదమ్మా కల్వకుర్తిలో కరెంటాఫీసుకు వెళ్లాం. అతను పనిలో ఉండగా పోయాడని ఆఫీసు వాళ్లు రాసిస్తే సైదమ్మకు అక్కడే ఏదో ఒక పని దొరుకుతుందని ఆశ.

ఆరేళ్లు తమ్ముడు లైన్‌మన్ రామచంద్రానికి బదులు స్తంభాలెక్కాడు. కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసేది రామచంద్రం, పైకెక్కేది తమ్ముడు. ఆ రోజు రామచంద్రం ఫ్యూజులు తీయలేదు. ఇలాంటి మనుషులు ప్రతి లైన్‌మన్ వెంటా ఉంటారు. హెల్పరంటారు. ఏ రిజిస్టరులోనూ వాళ్ల పేరుండదు.

మా దగ్గర ఉన్న కాగితం ఒక్కటే, తమ్ముడి పెండ్లి పత్రిక. వరుడి పేరు పక్కన ఉద్యోగం వేయడం మా వైపు ఆనవాయితీ. అది రాసిచ్చింది నేనే.

"హెల్పరని రాస్తే సాలదానే?" అన్నాడు తమ్ముడు అప్పుడు.

"సాలది. అసిస్టెంట్ లైన్‌మన్ అని రాస్త."

"అది సర్కారు నౌకరి గదనే."

"నువ్వు చేసేది గా పనే గదరా."

"గట్లయితే జీతం గూడ నువ్వే ఇప్పియ్యి" అని నవ్వాడు.

నేను ఇంగ్లీషు సారును. హెల్పరన్న మాట మా ఇంటి పత్రిక మీద చూడలేకపోయాను.

ఆఫీసరు పత్రిక చదివి, "ఆర్డరు కాపీ ఏది?" అన్నాడు. లేదన్నాను. ఆయన బల్ల పక్కన నిలబడ్డ రామచంద్రం వైపు చూశాడు.

"నేను ఎక్కమనలే సార్. డిపార్టుమెంటు మనిషినని ఆయనే చెప్పుకుంటుండె. పత్రిక గూడ కొట్టిచ్చుకున్నడు, సూడుండ్రి."

"గా పెండ్లిల మొదటి బంతిల కూసుండి తింటివి గద రామచంద్రం సారూ!" అంది సైదమ్మ. "పొద్దుగాల్నే ఇంటికొచ్చి పిలుసుకపోయింది ఎవరు?"

రామచంద్రం తల తిప్పుకున్నాడు.

"లేని ఉద్యోగం అచ్చేయించింది ఎవరు?" అని ఆఫీసరు నన్నడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు సర్కారు టీచరు కదా. ఇది పోలీసుల దాకా పోతే మీ నౌకరికే ఇబ్బంది. తన ఇష్టంతో ఎక్కిండని రాసియ్యండి, ఇక్కడితో అయిపోతది."

తెల్ల కాగితం ముందుకు జరిపాడు. తమ్ముణ్ని ఏమని రాయమంటారని అడిగాను. అసిస్టెంట్, హెల్పర్, అటెండెంట్... పద్నాలుగేళ్లుగా ఎనిమిదో తరగతికి చెబుతున్న మాటలే.

"అవేవీ వద్దు. బయటి మనిషని రాయండి."

రాశాను. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది. కింద సంతకం పెట్టాను.

బయటికొచ్చాక సైదమ్మ అడిగింది. "ఏం రాసినవ్ బావా?"

చెప్పాను. రాయకపోతే కేసవుతుందన్నారనీ చెప్పాను.

"సచ్చినోని మీద గూడ కేసు పెడ్తరా?"

"వాని మీద గాదు."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. బస్సులో ముందు ఆడవాళ్ల సీట్లోకి వెళ్లి కూర్చుంది. ఇద్దరికీ టికెట్లు తీద్దామని నేను జేబులో చెయ్యి పెట్టేలోపే, కొంగుముడి విప్పి కండక్టరుకు చిల్లర అందించింది.

"ఒక్కటే ఇయ్యి" అంది.